మహేంద్రగిరి: నడిచి ఎక్కండి, జీపులో దిగండి

మీరు అడిగిన దాన్ని క్లుప్తంగా చెప్పుకుంటాను, తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలి కదా. మీరు బరంపురంలో ఉంటారు. నాన్నగారికి 63 ఏళ్ళు. కుర్రతనంలో ఒక శివరాత్రికి, ఒడిశా-ఆంధ్రా సరిహద్దులో ఉన్న మహేంద్రగిరి కొండ నడిచి ఎక్కారు, ఈ డిసెంబరులో మళ్ళీ ఒక్కసారి కాళ్ళ మీద వెళ్ళి భీముడి గుడి చూడాలని పట్టు పట్టారు. సుగరు ఉంది, మాత్రలతో అదుపులో ఉంది. ఎడమ మోకాలు అప్పుడప్పుడు నొప్పి. అందుకని జీపులో పైకి తీసుకెళ్ళి, దిగేటప్పుడు మాత్రం నడిపిద్దాం, దిగడం తేలికే కదా అని మీ ఆలోచన. ఇది సరైన పద్ధతేనా, ఒక్క రోజులో అవుతుందా అని మీ ప్రశ్న.

ఒక్క రోజులో అవుతుంది. మీ పద్ధతి మాత్రం తలకిందులుగా ఉంది. నాన్నగారిని నడిపించి ఎక్కించండి, జీపులో దింపండి.

నేను పుట్టి పెరిగింది పర్లాకిమిడి. ముప్ఫై ఏళ్ళుగా ఏడాదికి రెండు మూడుసార్లు ఆ కొండ ఎక్కుతున్నాను, ఇప్పుడు నాకూ 58. నాతో వచ్చినవాళ్ళలో ఎక్కలేక కూలబడ్డవాళ్ళు చాలా తక్కువ. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది, కూర్చుంటాం, నీళ్ళు తాగుతాం, లేస్తాం. ఊపిరి ఐదు నిమిషాల్లో తిరిగి వస్తుంది. దిగేటప్పుడు పోయిన మోకాలు ఐదు నిమిషాల్లో తిరిగి రాదు.

ఎందుకలా అంటే, ఎక్కేటప్పుడు తొడ ముందుభాగం కండ కుదించుకుంటూ ఒంటిని పైకి నెడుతుంది. దిగేటప్పుడు అదే కండ బ్రేకులాగా పనిచేస్తుంది, బరువుని ఆపుతూనే సాగుతుంది. అలా సాగుతూ పనిచేసినప్పుడు కండ పోగుల్లో సన్నటి చిరుగులు పడతాయి. మర్నాడో మూడోనాడో మెట్లు దిగలేక గోడ పట్టుకుని నడిచే నొప్పి అదే. దిగుతూ దిగుతూ ఆ కండ అలిసిపోయాక, అది మోయాల్సిన దెబ్బంతా మోకాలి చిప్ప మీద, కీలు మీద పడుతుంది. అప్పటికి కాళ్ళు వణుకుతుంటాయి, ఎండుటాకుల కింద రాయి ఉందో గుంట ఉందో తెలియదు. నేను చూసిన పడిపోవడాలన్నీ దాదాపుగా దిగే దారిలో, అదీ ఆఖరి గంటలో జరిగినవే. ఎక్కేటప్పుడు జారితే చేతుల మీద పడతాం, దిగేటప్పుడు జారితే నడుం మీద పడతాం. ఆ వయసులో ఈ రెండింటికీ తేడా ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు.

జీపు దారి ఒడిశా వైపునుంచి గుళ్ళ దాపుదాకా పోతుంది కాబట్టి ఈ కొండ మీద ఆ వెసులుబాటు ఉంది. అన్ని కొండల మీదా ఉండదు. జీపు వాళ్ళతో ముందురోజే మాట్లాడుకుని, డబ్బు సగమే ఇచ్చి, మధ్యాహ్నం 12 గంటలకల్లా గుళ్ళ దగ్గర ఉండమనండి. మీ ఇంట్లోవాళ్ళు ఒకరు ఆ జీపులోనే పైకి వస్తే ఇంకా మంచిది. అన్నం, దుప్పటి, మార్చుకోవడానికి బట్టలు వాళ్ళతో వస్తాయి, నాన్నగారి వీపు మీద నీళ్ళ సీసా తప్ప ఇంకేమీ ఉండదు. పైన మీవాళ్ళు ఎదురుచూస్తున్నారంటే ఎక్కే మనిషికి ఓపిక అదే వస్తుంది.

ఇక టైము లెక్క. మా కొండవాళ్ళని అడిగితే ఎంత దూరమైనా "దగ్గరే" అంటారు. అబద్ధం కాదు, వాళ్ళ కాళ్ళకి దగ్గరే. మన కాళ్ళకి వేరే లెక్క కావాలి. 1892లో నైస్మిత్ అనే స్కాట్లాండు కొండలెక్కే ఆయన ఒక సూత్రం చెప్పాడు, ఇవాళ్టికీ అదే వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకి ఒక గంట, ఆపైన ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకి మరో గంట. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. మీరు నడక మొదలుపెట్టే చోట ఫోనులో ఎత్తు చూసి, 1,501లోంచి తీసేయండి. ఉదాహరణకి 600 మీటర్ల దగ్గర మొదలుపెట్టారు, బాట 7 కిలోమీటర్లు అనుకుందాం. నడకకి గంటా ఇరవై నాలుగు నిమిషాలు, 900 మీటర్ల ఎక్కుడుకి గంటన్నర, మొత్తం మూడు గంటలకి కాస్త తక్కువ. ఇది గట్టి మనిషికి, ఎక్కడా ఆగకుండా. నాన్నగారికి ఒకటిన్నర రెట్లు వేసి, కూర్చునే టైము కలిపితే ఐదు గంటలు. ఉదయం 6:30కి బయల్దేరితే 11:30కి గుళ్ళ దగ్గర ఉంటారు.

ఏ కారణం చేతో జీపు రాలేదనుకోండి. దిగడానికి కూడా లెక్క ఉంది: బాగా నిటారుగా ఉన్న చోట ప్రతి 300 మీటర్ల దిగుడుకి 10 నిమిషాలు అదనంగా వేయాలి. తేలిక అనుకున్న చోటే టైము ఎక్కువ పడుతుందన్నమాట. అలిసిన కాళ్ళతో మూడున్నర గంటలకి తక్కువ కాదు. మన వైపు పొద్దు ఎంత తొందరగా వాలుతుందో కూడా చూసుకోండి. దేశమంతా ఒకటే గడియారం, కానీ మనం తూర్పున ఉన్నాం, హైదరాబాదు కంటే దాదాపు 24 నిమిషాలు ముందే ఇక్కడ చీకటి పడుతుంది. డిసెంబరులో ఐదుంపావుకి సూర్యుడు వెళ్ళిపోతాడు, చెట్ల కింద నాలుగున్నరకే మసక. అందుకని 12:30 అయిందంటే బాట మధ్యలో ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. గుడి ఇంకో అరగంటే అనిపించినా తిరగాలి. ఈ మాట బయల్దేరే ముందు ఇంట్లోనే నాన్నగారి చేత ఒప్పించండి. కొండ మీద, గుడి గోపురం కనిపిస్తుండగా, ఏ తండ్రీ కొడుకు మాట వినడు.

నేనూ వినలేదు ఒకప్పుడు. 1998 నవంబరులో మా బావమరిదీ నేనూ వెళ్ళాం. రెండింటికి పైకి చేరాం. గాలి తేటగా ఉంది, బారువ వైపు సముద్రం గీత గీసినట్టు కనిపిస్తోంది. మహేంద్రతనయ ఈ కొండలోనే పుట్టి ఆ బారువ దగ్గరే సముద్రంలో కలుస్తుంది, ఒక ఏటి పుట్టుకనీ చివరనీ ఒకేచోట కూర్చుని చూస్తున్నామని మాటల్లో పడి మూడున్నర చేశాం. లేచేసరికి లోయలోంచి మంచు పొగలాగా పైకి వచ్చింది. పది అడుగుల అవతల మనిషి కనిపించడు. బాట ఇదే అనుకుని దిగినది పక్క గట్టు. అది పశువుల బాట, కాసేపటికి తుప్పల్లో మాయమైంది. "గెడ్డ వెంబడి దిగితే ఎక్కడో ఊరు తగలకపోదు" అన్నాడు మా బావమరిది. గెడ్డ అంటే మా వైపు వాగు. మనవాళ్ళంతా అనే మాటే అది. మైదానంలో నిజం. కొండల్లో గెడ్డ ఊరికి పోయేముందు రాళ్ళ మీంచి దూకుతుంది. దాని వెనక దిగినవాడు నాచు పట్టిన బండల మధ్య, కిందికి పోలేక పైకి రాలేక ఇరుక్కుంటాడు. మేం ఇరుక్కున్నాం. ఆయన చీలమండ మడతపడింది. ఒకటే టార్చిలైటు, దాని సెల్లులు పాతవి. ఎలాగో పాక్కుంటూ పైకొచ్చి, ఒక పోడు చేను కనిపిస్తే అందులో కాపలా గుడిసె దగ్గర కూలబడ్డాం. రాత్రి ఎనిమిదింటికి ఆ చేను తాలూకు తాత వచ్చాడు, ఈ కొండల్లో ఉండే సవర గిరిజనుడు. కోప్పడలేదు. "పొద్దు చూసుకోలేదా బాబూ?" అని ఒక్క మాట అడిగి నిప్పు రాజేశాడు. రాత్రంతా అక్కడే ఉన్నాం. నా చొక్కా చెమటకి తడిసి ఉంది, ఆ చలి ఇప్పటికీ గుర్తుంది.

ఆ రాత్రి నుంచి నేను మార్చుకున్నవి చెప్తాను. మంచు కమ్మితే ఉన్నచోటే కూర్చుంటాను, విడివడేదాకా అడుగు వేయను. బాట తప్పానని అనుమానం వస్తే, చివరిసారి బాట కచ్చితంగా ఇదే అనుకున్న చోటుకి వెనక్కి ఎక్కుతాను, ఎంత విసుగైనా సరే. మనిషికో టార్చి, అదీ నుదుటికి కట్టుకునేది, ఎందుకంటే దిగేటప్పుడు రెండు చేతులూ ఖాళీగా కావాలి. సంచిలో ఒక పొడి బనియను. కిందికంటే పైన వెయ్యి మీటర్లకి ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లగా ఉంటుంది, బరంపురంలో 16 డిగ్రీలుంటే శిఖరం మీద 6 దాపున అనుకోండి, గాలి దానికి వేరే. ఎక్కేటప్పుడు చెమట పడుతుంది, పైన కూర్చోగానే ఆ తడే చలి పుట్టిస్తుంది. పైకి చేరగానే నాన్నగారి చేత బనియను మార్పించండి, దండం తర్వాత పెట్టుకోవచ్చు.

ఎత్తు వల్ల తల తిరగడం, ఊపిరాడకపోవడం లాంటివి ఈ కొండకి లేవు. ఆ జబ్బు మామూలుగా 2,500 మీటర్లు దాటాకే. కాబట్టి ఇక్కడ ఎక్కుతుండగా గుండెలో బరువు, దవడలోకో ఎడమ చేతిలోకో పాకే నొప్పి, మామూలు కాని చెమట వస్తే "ఎత్తు వల్ల" అని సరిపెట్టుకోవద్దు. అక్కడితో ఆపెయ్యాలి. ముందుగా డాక్టరుకి చూపించి, ఎంత ఎక్కబోతున్నారో మీటర్లతో సహా చెప్పండి. "కొండకి వెళ్తున్నాం" అంటే ఆయన కారులో అనుకుంటాడు. నడిచేటప్పుడు కొలత ఒక్కటే: పక్కవాళ్ళతో పూర్తి వాక్యం మాట్లాడగలిగే వేగంలోనే నడవాలి. మాట మధ్యలో తెగుతోందంటే వేగం ఎక్కువైనట్టు.

సుగరు మాత్రల్లో కొన్ని, నడక ఎక్కువైన రోజున సుగరుని మరీ కిందికి దించేస్తాయి. ఆ పూట మాత్ర ఎంత వేసుకోవాలో డాక్టరునే అడగండి, మీరు సొంతంగా మానిపించవద్దు. జేబులో గ్లూకోజు పొడి ఉండాలి, సంచిలో కాదు జేబులో. వణుకు, చెమట, తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే నోట్లో వేయాలి. ఆ రాత్రి పడుకునే ముందు కూడా ఒకసారి పరీక్ష చేయండి, ఎందుకంటే గట్టిగా నడిచినరోజు సుగరు పడిపోవడం చాలా గంటల తర్వాత కూడా జరగొచ్చు. తిండి విషయంలో పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. అటుకులు, వేరుశనగ చెక్కీ, ఉడకబెట్టిన గుడ్లు, గంటకోసారి గుప్పెడు. నీళ్ళు గంటకి అర లీటరు చొప్పున, ఒక సీసాలో ఓఆర్ఎస్ కలిపి. గెడ్డ నీళ్ళు కాచకుండా తాగొద్దు, పైన పశువులు తిరుగుతాయి.

మోకాలి సంగతి. డిసెంబరుకి ఇంకా టైముంది కాబట్టి ఇప్పటినుంచే తయారుచేయవచ్చు. మీకు దగ్గర్లోనే మంచి బడి ఉంది, రుషికుల్య ఒడ్డున తారాతారిణి కొండ. 999 మెట్లు. అక్కడ రోప్‌వే ఉందని అందరూ దాంట్లో పోతారు. మొదటి రెండు వారాలు నాన్నగారిని మెట్లెక్కించి రోప్‌వేలో దింపండి. తర్వాత సగం మెట్లు దిగనివ్వండి. నవంబరు చివరికి, మోకాలు ఒప్పుకుంటే, మొత్తం దిగనివ్వండి. కండకి ఒక చిత్రమైన గుణం ఉంది: ఒకసారి దిగుడు దెబ్బ తిన్న కండ కొన్ని వారాలదాకా రెండోసారి అంత నొప్పి పడదు. అందుకే కొండకి రెండు వారాల ముందు ఒక్క మంచి దిగుడు చేస్తే, జీపు రాని రోజున అదే కాపాడుతుంది. చివరి వారం మాత్రం ఏమీ చేయించొద్దు, పడుకోనివ్వండి.

మెట్లయినా రాళ్ళయినా అడుగు వేసే పద్ధతి ఇది: ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. దిగేటప్పుడు బరువు ఆపే పని పైనున్న కాలిది, అందుకని మంచి కాలు పైన ఉండాలి. చేతికర్ర నొప్పి ఉన్న వైపు కాదు, రెండో చేతిలో. నాన్నగారికి ఎడమ మోకాలు నొప్పి కాబట్టి కర్ర కుడి చేతిలో ఉండి, ఎడమ కాలితో పాటే పడాలి. ఇది చాలామంది తప్పు చేస్తారు. బాగా నిటారుగా ఉన్న దిగుడులో రెండు కర్రలు ఉంటే మరీ మంచిది. వెదురు కర్ర చాలు, నేల మీద ఆనిస్తే మోచెయ్యి లంబకోణంలో వంగే పొడుగు, దిగేటప్పుడు దానికంటే కాస్త ఎక్కువ.

బూట్లకి వేలకి వేలు పోయనక్కర్లేదు. అడవిలో డ్యూటీ చేసేవాళ్ళు వేసుకునే హంటర్ షూ, గుడ్డది, రబ్బరు అడుగుది, మన కొండలకి సరిపోతుంది. కొత్తది మాత్రం కొండకి వేసుకెళ్ళొద్దు, ఇంటి దగ్గర నెల రోజులు నలగాలి. కాలి గోళ్ళు రెండు రోజుల ముందు కత్తిరించుకోవాలి, లేకపోతే దిగుడులో వేళ్ళు ముందుకి గుద్దుకుని గోరు నల్లబడుతుంది. సుగరు ఉన్నవాళ్ళకి పాదంలో స్పర్శ తగ్గి ఉండొచ్చు, అప్పుడు బొబ్బ వచ్చినా తెలియదు. గంటకోసారి బూటు విప్పి మీరే చూడండి. నాన్నగారు సిగ్గుపడతారు, మీరు పడొద్దు.

దారి చూపడానికి కొండ మీది ఊరి మనిషిని తీసుకెళ్ళండి, ఫోనులో మ్యాపు ఉన్నా సరే. దక్షిణం వైపు సవరలకి తెలుగు బాగా వస్తుంది, ఉత్తరం వైపు ఒడియా. సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలోనే పంతులుగా పనిచేశారు, ఆయన ఊరివాళ్ళమై ఉండి మనకి నాలుగు సవర మాటలు రాకపోవడం సిగ్గే. దారి అడిగేటప్పుడు ఒక మెలకువ. "ఇది గుడికి పోయే బాటేనా?" అని అడగొద్దు. మర్యాదకి అవుననే అంటారు. "ఈ బాట ఎక్కడికి పోతుంది?" అని అడగండి, అప్పుడు అసలు జవాబు వస్తుంది. కూలి ముందే మాట్లాడుకుని, చెప్పినదానికంటే కాస్త ఎక్కువే చేతిలో పెట్టండి.

ఎలుగుల గురించి భయపడుతూ రాశారు. ఉన్నాయి. ఆంధ్రాలోని మందస, సోంపేట వైపు జీడితోటల్లోకే దిగుతున్నాయి, కొండ మీద ఉండవా. తెల్లవారుజామున, సాయంత్రం మసకలో వాటి తిరుగుడు ఎక్కువ, అందుకే బాగా వెలుతురు వచ్చాకే నడక మొదలుపెట్టమంటున్నాను. వాటికి చూపు తక్కువ, మనిషి హఠాత్తుగా ఎదురైతేనే మీద పడతాయి. మాట్లాడుకుంటూ నడవండి, మలుపుల్లో కర్రతో రాయి మీద కొట్టండి. ఎదురుపడితే పరిగెత్తొద్దు, వెనక్కి వెనక్కి మెల్లగా జరగాలి. పాముల విషయం, చలికాలంలో కాస్త నయమే, రాళ్ళ సందుల్లో చెయ్యి పెట్టకుండా ఉంటే చాలు. కరిస్తే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ వద్దు. కాలు కదలనివ్వకుండా మోసుకుని ఆసుపత్రికి.

ఫోను సంగతి ఒకటుంది, సరిహద్దు కాబట్టి. ఈ కొండ మీద సిగ్నలు ఒకసారి ఒడిశా టవరుది, ఒకసారి ఆంధ్రా టవరుది పట్టుకుంటుంది, చాలాచోట్ల ఏదీ పట్టుకోదు. 108కో 112కో చేస్తే టవరు ఏ రాష్ట్రానిదో ఆ రాష్ట్రానికి పోతుంది. అందుకని కలవగానే మొదటి మాట, మీరు ఏ రాష్ట్రంలో, ఏ జిల్లాలో ఉన్నారో చెప్పండి. గజపతి జిల్లా, ఒడిశా. నేరుగా ఈ మూడు మాటలూ. మిగతా సమయమంతా ఫోను ఏరోప్లేన్ మోడులో పెట్టండి, సిగ్నలు వెతుక్కుంటూ బ్యాటరీ మధ్యాహ్నానికే అయిపోతుంది.

2022లో ఈ కొండని ఒడిశా ప్రభుత్వం జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించింది. వెళ్ళేముందు అటవీశాఖ రేంజి కార్యాలయంలో మాట చెప్పి వెళ్ళండి. అనుమతి సంగతి తేలుతుంది, మీరు కొండ మీద ఉన్నారని ఒకరికి తెలిసి ఉంటుంది.

తిరిగి వచ్చాక నాలుగు వారాల లోపు నాన్నగారికి గానీ మీకు గానీ జ్వరం వస్తే, కొండకి వెళ్ళొచ్చామని డాక్టరుకి చెప్పడం మరిచిపోవద్దు. మలేరియా ఒకటి, తుప్పల్లో ఉండే సన్నటి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ ఒకటి. రెండోదానికి ఒంటి మీద ఎక్కడో, చాలాసార్లు బట్ట కింద, సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి మచ్చ ఉండొచ్చు. చెప్పకపోతే వైరల్ జ్వరమని వారం గడిపేస్తారు.

పైకి చేరాక నాన్నగారు తప్పకుండా ఇంకా పైకి, భీముడి గుడికి పోదామంటారు. మూడు గుళ్ళలో అదే చిన్నది, అదే ఎత్తున ఉంది, రాళ్ళు మాత్రం ఒక్కొక్కటీ ఏనుగంత. పన్నెండుకి ముందే చేరితే తీసుకెళ్ళండి. దాటితే ఆ మూడింటిలో కిందనున్న కుంతి గుడి దగ్గరే దండం పెట్టించండి. ఒకప్పుడు కళింగాన్ని ఏలిన గాంగ రాజులు తమ రాగి శాసనాల్లో ఇంటి దేవుడిగా చెప్పుకున్న మహేంద్రగిరి గోకర్ణస్వామి అక్కడే ఉన్నాడు, నాన్నగారికి లోటేమీ అనిపించదు.

ఒక్క విషయం కనుక్కుని రాయండి: అప్పట్లో నాన్నగారు మందస వైపునుంచి ఎక్కారా, ఒడిశా వైపునుంచా? మందస వైపయితే మైదానంలోంచే మొదలు, ఎక్కుడు 1,300 మీటర్లు దాటుతుంది, పైన వేసిన లెక్క సరిపోదు. ఆ బాటే కావాలని పట్టుబడితే మధ్యలో ఒక రాత్రి కొండ ఊళ్ళో ఆగేలా వేరే రాసిస్తాను.